అత్తమ్మ తీసిన సినిమా

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ కంటి వైద్యానికని పట్నం పోయి, దవాఖానతో పాటు ఒక తెలుగు టాకీ కూడా చూసి వచ్చింది. పాలమూరులో మా వాడ ఆడవాళ్లెవరూ అప్పటికి సినిమా మొహం చూసినవాళ్లు కారు. ఇక చూడాలి ఆవిడ దర్జా! మధ్యాహ్నం పూట అందరినీ కూర్చోబెట్టుకుని, పల్లికాయ ఒలుస్తూ కథ చెప్పేది.

బంగారంలాంటి అత్త, గయ్యాళి కోడలు. ఆ కోడలు పొద్దస్తమానం పుట్టింటికి పోతానని ఏడుస్తుందట. అక్కడికి రాగానే నావైపు ఒక చూపు విసిరేది. పెళ్లయి ఏడాది దాటినా నన్ను మా అమ్మ దగ్గరికి పంపలేదు మరి. నాకు ఒళ్లు మండిపోయేది.

మా ఆయన బడిపంతులు. నా గోడంతా విని, "సినిమాకు అసలు కర్త డైరెక్టరే. ఆయన ఎట్ల తీస్తె గట్లుంటది. మా అమ్మేం జేస్తది?" అని చేతులు దులుపుకున్నాడు.

ఎండాకాలంలో అదే సినిమా మా ఊరికి డేరాలో వచ్చింది. వాడంతా కదిలింది. అత్తమ్మకు మాత్రం ఉన్నట్టుండి నడుము పట్టేసింది. అయినా ఎవరు వదులుతారు? లాక్కుపోయారు.

తెర మీద చూస్తే కోడలే బంగారం! అత్త ఆ పిల్లకు కడుపునిండా కూడు పెట్టదు, పుట్టింటికి పంపదు. చివరికి తల్లిని చూడకుండానే ఆ పిల్ల కన్నుమూసింది. డేరాలో ఆడవాళ్లంతా ముక్కులు చీదుకున్నారు. నేనూ ఏడ్చాను, లోపల పండగ చేసుకుంటూనే.

బయటికి రాగానే పక్కింటామె అడగనే అడిగింది. "కంట్ల మందేసుకొని సూసినవా ఏంది వదినె? అంత ఉల్టా చెప్పినవు!"

అత్తమ్మ తడుముకోలేదు. "గా సినిమా తీసినోడు మొగోడాయె. అత్తల సంగతి వానికేమెరుక? నేను చెప్పిందే అసలు కథ."

అనడమైతే అంది గాని, ఇల్లు చేరేదాకా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. మర్నాడు పొద్దున నేను పొయ్యి అంటిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"బండి కట్టమన్న. మీ అమ్మ దగ్గర నెల రోజులుండి రా బిడ్డా. ఆ పిల్ల గట్ల సావకుండ ఉండాల్సింది."

 ఆవిడ మీద మొదటిసారి ప్రేమ పుట్టింది. మూట సర్దుకుని బండెక్కుతుంటే వెనకనుంచి పిలిచింది.

"మీ అమ్మకు గా సినిమా కథ చెప్తవా?"

"చెప్త."

"ఏ కథ? గా తీసినోనిదా, నాదా?"

"నీదే అత్తమ్మా" అన్నాను.