అడిగినవాళ్ళే తీయాలి

టీచరమ్మ పోయారన్న కబురు నాకు ఆవిడ చర్చి వాళ్ళ ఫోన్ గ్రూపులోనే తెలిసింది. మల్కాజ్‌గిరిలో మా కింది వాటాలో ఉండేవారు ఆవిడ. ఆస్పత్రి నుంచి ఆవిడ చెల్లెలు పెట్టిన రెండు వాక్యాలు చదువుతుండగానే, వాటి కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. ఆ తర్వాత ఎవరో పుట్టినరోజు కేకు ఫొటో పెట్టారు. కాసేపటికి చావు కబురు ఎక్కడో పైకి జరిగిపోయి కనిపించకుండా పోయింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆవిడే ఉండి ఉంటే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. టీచరమ్మ కళ్ళజోడు తీశారంటే పోట్లాటకు సిద్ధమైనట్టే.

ఆవిడ ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత చర్చిలో స్త్రీల సమాజం బాధ్యత మీదేసుకున్నారు. నేను రాంగోపాల్‌పేట్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. కాలనీలకు, సంఘాలకు పనికొచ్చే గ్రూప్ చాట్ యాప్ మాది. అందులో ఏది ఎక్కడ కనిపించాలో గీసి చూపించడం నా ఉద్యోగం. నా మీద అభిమానంతో టీచరమ్మ తమ సమాజం వాళ్ళందరి ఫోన్లలోనూ మా యాపే పెట్టించి, నన్నూ వాళ్ళ గ్రూపులో చేర్చారు. మా వాళ్ళు విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను "ఏటి టీచర్" అంటే ఆవిడకు నవ్వు. "ఇన్నేండ్లయినా నీ ఏటి పోలేదు పో" అని ఏడిపిస్తూనే క్రిస్మస్‌కు వండిన గులాబీ పువ్వుల ప్లేటు చేతిలో పెట్టేవారు.

ఒకరోజు నవ్వకుండా మెట్లెక్కి వచ్చారు. కళ్ళజోడు అప్పటికే చేతిలో ఉంది.

"నీ యాప్‌ల మా మనిషి మునిగిపోయిందమ్మా," అన్నారు.

వాళ్ళ సమాజంలో కుట్టుపని చేసుకుంటూ ఒంటరిగా బతికే ఒకావిడ ఉంది. అందరూ టైలరమ్మ అంటారు. రేపు ఆపరేషన్ అని, ప్రార్థన చేయమని, వీలైతే ఎవరైనా పక్కన ఉండమని ఆమె గ్రూపులో రాసుకుంది. ఆ మనవి మీద గుడ్‌మార్నింగులు, బైబిలు వాక్యాలు, ఎవరిదో పెళ్ళిరోజు కేకు ఫొటో వచ్చి పడ్డాయి. చూసిన కొద్దిమంది చేతుల బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారులే అని అందరూ అనుకున్నారు. ఆమె ఒక్కతే వెళ్ళి, కాగితాల మీద తన సంతకం తనే పెట్టుకుని ఆపరేషన్ చేయించుకుంది.

"చేతులు జోడిస్తే అయిపోతదా? కాళ్ళు కదలాలె గదా," అన్నారు టీచరమ్మ.

అప్పటికే మా ఆఫీసులో మెసేజీలను సర్దిపెట్టే కొత్త ఏర్పాటు తయారవుతోంది. ఎక్కువమంది జవాబిచ్చినవి పైన, మిగతావి కింద. ఫోన్‌లో తీసి ఆవిడకు చూపించాను. జాగ్రత్తగా చూశారు.

"కేకు పైనకొచ్చింది. టైలరమ్మ ఏడుంది?"

అట్టడుగున ఉంది. చేతుల బొమ్మలే తప్ప జవాబులు లేవు కాబట్టి మా లెక్కలో ఆమె ముఖ్యం కాదు. జవాబు రాలేదు కాబట్టే ఆమె అందరికంటే పైన ఉండాలని టీచరమ్మ లెక్క. ఆవిడ లెక్కే సరైనదని నేను ఇవాళ్టికీ అంటాను.

వాళ్ళ గురువారం కూడికలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ప్రార్థన మనవి చెబితే, దాన్ని వారం వారం అందరి ముందూ పైకి చెబుతారు. ఇక చాలని ఆపే హక్కు పాస్టరు గారికీ లేదు, టీచరమ్మకూ లేదు. మనవి పెట్టిన మనిషే లేచి, నా కష్టం తీరిందని సాక్ష్యం చెప్పాలి. అప్పటిదాకా అది అందరి పని. "మా దగ్గర గిట్లనే నడుస్తది. నీ ఫోన్ల ఎందుకు నడ్వది?" అని అడిగారు.

నడుస్తుందని గీశాను. సాయం అడిగే మెసేజీకి మనవి అని గుర్తు పెడితే అది గ్రూపులో అన్నిటికంటే పైన నిలబడుతుంది. వెళ్ళదలచినవాళ్ళు దాని కిందే 'నేను వెళ్తున్నా' అని రాయొచ్చు. దాన్ని తీసేసే మీట మాత్రం అడిగినవాళ్ళ ఫోన్‌లోనే ఉంటుంది.

మా మేనేజరుకు అది నచ్చలేదు. మనిషి చెడ్డవాడేం కాదు, శుభ్రం పిచ్చి. వారం దాటితే మనవి దానంతటదే పోవాలన్నాడు. ఆ మాట నా నోట వినగానే టీచరమ్మ గొడుగు పట్టుకుని మా ఆఫీసుకే బయల్దేరారు.

"మేడమ్, పైన అన్నీ పేరుకుపోతే స్క్రీన్ చూడబుద్ధి కాదు. యూజర్లకు క్లీన్‌గా ఉండాలి కదా," అన్నాడతను మర్యాదగానే.

కళ్ళజోడు బల్ల మీదికి వచ్చింది. "ఇల్లు క్లీన్‌గ ఉండాలని ఇంట్ల మనుషులను బయటికి పంపుతమా బాబూ?"

"అట్ల కాదు మేడమ్. అడిగినవాళ్ళు తీసుడు మర్చిపోతే?"

"పోయి అడుగుండ్రి, అమ్మా నీ తక్లీఫ్ తీరిందా అని. ఆ ఒక్క మాట అడగనీకె మీకంత పరేషాన్ ఏందీ?"

అతను నా వైపు చూశాడు. నేను కుర్చీ లాక్కుని టీచరమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. అర్థంకాని పిల్లలకు లెక్క చెప్పినట్టు మళ్ళీ మొదటి నుంచి చెబుతారు, అంతే. ఆఖరికి మేనేజరు, వాళ్ళ సమాజం వరకు అలాగే ఉంచి చూద్దామన్నాడు. తిరుగు దారిలో ఆటోలో, "జెర మెత్తగ మాట్లాడిననా?" అని అడిగారు. లేదన్నాను. "మంచిగైంది," అన్నారు తృప్తిగా.

ఆ తర్వాత ఆ గ్రూపులో మనుషులు కదిలారు. టైలరమ్మను నెలనెలా చెకప్‌కు తీసుకెళ్ళే పని టీచరమ్మ తనమీదే పెట్టుకున్నారు. ఈమధ్య తానే ఆస్పత్రి మంచం ఎక్కాల్సి వచ్చినప్పుడు, అక్కడి నుంచి ఒంటి వేలితో, ఎప్పటిలా చివర చుక్క పెట్టి మరీ రాశారు: 'నేను వచ్చేవరకు టైలరమ్మను చెకప్‌కు ఎవరైనా తీసుకుని వెళ్ళవలెను.' దానికి మనవి గుర్తు పెట్టారు. ఆవిడ తిరిగి రాలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక నేను ఆఫీసుకు వెళ్ళగానే మేనేజరు పిలిచాడు. పాపం, నాలుగు మంచి మాటలే చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"ఆ మేడమ్ మెసేజ్ ఇంకా పైనే ఉంది. దాన్ని తీసేవాళ్ళు ఇక లేరు. మనిషి పోతే మనవి కూడా దానంతటదే క్లోజ్ అయ్యేట్టు రూల్ రాయి."

"రాయను," అన్నాను.

"ఏందీ, సెంటిమెంటా?"

"అలాగే అనుకోండి. టీచర్ పోయారు. టైలరమ్మ ఉంది, చెకప్పులున్నాయి. ఏటి అయిపోయిందని క్లోజ్ చేయమంటారు?"

"అట్లయితే అది ఎన్నటికీ పోదు."

"పోకూడదనే గీశాను. కాదంటే వేరే ఎవరితోనైనా గీయించుకోండి. ఎందుకు తీశారో మాత్రం ఆ గ్రూపులో నేనే రాస్తాను."

అతను ఇంకా ఏమీ తేల్చలేదు. నేనూ మెత్తబడలేదు. నలుగురిలో కుర్చీ లాక్కుని ఎవరి పక్కన కూర్చోవాలో నాకు తెలిసేలా చేసింది టీచరమ్మే. అందుకు ఆవిడకు థాంక్స్ చెప్పాల్సింది ఒక్కసారీ చెప్పలేదు. చెబితే "ఏందమ్మా, పరాయిదాని లెక్క" అని కసిరేవారు.

ఈ నెల చెకప్‌కు నేనే వెళ్ళాను. డాక్టరు గది బయట బెంచీ మీద టైలరమ్మ పర్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మేడమ్ రాసింది తీసేసిండ్రా?" అని అడిగింది, నా మొహం చూడకుండా.

ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాను. అన్నిటికంటే పైన టీచరమ్మ పేరు, ఆ ఒక్క వాక్యం. దాని కింద, వచ్చే నెల చెకప్‌కు ఇప్పటినుంచే ఒకావిడ రాసి పెట్టింది: 'నేను వెళ్తున్నా.'