కొత్త బొమ్మకి నాన్న చెయ్యి

కొత్త బొమ్మ వచ్చిందంటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మకి మండడమేమిటని నవ్వుతారు కాబట్టి ముందు అది చెప్తాను.

హిందీవాళ్ళ మధ్య ఉన్న ఈ ఉక్కు ఊళ్ళో, సుపేలా బజారులో మందుల షాపు పైన మా స్టూడియో. కంప్యూటర్లో మనుషుల బొమ్మలని కదిలించి పనివాళ్ళకి శిక్షణ సినిమాలు చేస్తాం. క్రేన్ కింద నిలబడకు, బెల్టు లేకుండా పైకెక్కకు, అలాంటివి. మనిషి బొమ్మని మేం మొదటినుంచీ చెయ్యం. రెడీమేడ్‌గా ఒకటి వస్తుంది. ఆరడుగుల ఎత్తు, వెడల్పు భుజాలు, పుట్టి బుద్ధెరిగి ఒక్క బస్తా మొయ్యని నడుము. దాని ఒంటినిండా వేల చుక్కలు, వాటిని కలుపుతూ ఒక వల. ఆ చుక్కలని అటూ ఇటూ లాగి దాన్ని మన ఊరి మనిషిగా మార్చుకోవాలి. ఏ చుక్క ఎంత జరిగిందో అదంతా దాచుకుంటాం. దాన్నే మార్ఫ్ అంటాం.

కొన్నేళ్ళకోసారి ఆ బొమ్మలు చేసేవాళ్ళు ఇంకో కొత్త బొమ్మని వదులుతారు. చుక్కల సంఖ్య మారుతుంది, వరస మారుతుంది. పాత మార్ఫ్ కొత్త ఒంటికి పనికిరాదు. పాత బొమ్మ మీద కొత్తదాన్ని తొడిగి, ప్రతి కొత్త చుక్కా తనకి దగ్గరున్న పాత చుక్క నుంచి ఆకారం తెచ్చుకునేలా చెయ్యాలి. బటన్ నొక్కితే అదే అయిపోతుందంటారు. ఎందుకవదు, అవుతుంది! నాకు కుట్టిన జాకెట్టు పక్కింటావిడకి పట్టినట్టు అవుతుంది. ముక్కులు కరిగిపోతాయి, పొట్టలు లోపలికి పోతాయి, వంగిన వీపులు నిటారుగా లేస్తాయి. నెలల తరబడి నేను చెక్కిన మనుషులందరూ ఒక్క మధ్యాహ్నంలో ఒకే జిమ్ముకి వెళ్ళొచ్చినట్టు తయారవుతారు. నేను మానిటర్‌ని తిట్టే తిట్లు కింద మందులు కొనేవాళ్ళకి కూడా వినిపిస్తాయట. వినిపించనీ.

కిందటేడు, తిరిగే రోలరు దగ్గర చెయ్యి పెట్టొద్దని చెప్పే ఒక సినిమాకి మా నాన్ననే బొమ్మగా చేశాను. నాన్న ఇనప కడ్డీలు సాగదీసే ఒక చిన్న ప్రైవేటు రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఆయన ఎడమ చేతికి చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా లేవు. ఇరుక్కున్న ఇనప ముక్కని రోలరు తిరుగుతుండగానే లాగబోయాడు. మిల్లువాళ్ళు 'పనివాడి అజాగ్రత్త' అని ఒక ముక్క రాసి కాగితం మూసేశారు. రోలరు ఆపొద్దు, అలాగే లాగమని అరిచిన సూపర్‌వైజరు ఊసు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అందుకే నేను అడిగీ అడగకముందే నాన్న క్యాంప్ 1 బస్తీలో మా ఇంటి గుమ్మంలో కూర్చుని చెయ్యి చాపాడు.

"తియ్యి, ఎన్ని ఫొటోలు కావాలో తీసుకో. కొత్తగా పన్లోకొచ్చినోళ్ళు సూడాల" అన్నాడు. కుట్లు ముడుచుకుపోయిన చోటు సరిగ్గా పడాలని తనే చేతిని వెలుతురు వైపు తిప్పాడు. ఆ ఒక్క చేతికే నాకు మూడు వారాలు పట్టింది.

ఈ ఏడు కొత్త బొమ్మ దిగింది. ఆ సినిమా చేయించుకున్న కాంట్రాక్టరు దాన్నే కొత్త బొమ్మలతో మళ్ళీ కావాలన్నాడు. నాన్నని ఆ కొత్త ఒంటి మీదకి ఎక్కించేటప్పుడు ఎడమ భుజం దగ్గర మడత పాడైంది. దాన్ని సరిచేద్దామని సిమెట్రీ పెట్టాను. అంటే కుడివైపు ఏముంటే ఎడమవైపూ అదే వస్తుంది. మా పనిలో అందరికీ అలవాటైన చిట్కా. మనిషికి రెండు పక్కలా ఒకటే ఉంటుందని ఈ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుల నమ్మకం మరి! భుజం బాగుపడింది. దాంతోపాటు నాన్న ఎడమ చేతికి అయిదు వేళ్ళూ మొలిచాయి.

మా స్టూడియో ఓనరు నాకంటే చిన్నవాడు, సెక్టర్ 7 క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాడు. వెనకనుంచి వచ్చి స్క్రీన్ చూశాడు.

"అరే వాహ్ దీదీ, చెయ్యి ఠీక్ అయిపోయింది! ఇదే ఉంచెయ్యండి. పాతది చూస్తే లోగ్ డర్ జాతే హై."

జనం భయపడతారట. అరికాలి మంట నెత్తికెక్కింది. "అది మా నాన్న చెయ్యి. అతికించడానికి నువ్వెవరు?" అని అరిచాను.

"నేనేం చేశాను దీదీ, మీరే కదా చేసింది" అన్నాడు, నిజంగానే అర్థంకాక. ఎద్దు పుండు కాకికి నొప్పా!

ఇంటికెళ్ళి ఆ కోపమంతా నాన్న ముందు కక్కాను. మర్నాడు కాంట్రాక్టరు చూడ్డానికొచ్చే వేళకి, ఎవరూ పిలవకపోయినా నాన్న నాతో బయల్దేరాడు. కాంట్రాక్టరు కూడా మాలాగే విజయనగరం వైపు మనిషే. ఓనరు అయిదు వేళ్ళూ అలాగే ఉంచేసిన సినిమా చూసి, "నీట్‌గా ఉందండీ" అని ఓనరుని మెచ్చుకున్నాడు.

నాన్న లేచి తన ఎడమ చేతిని కీబోర్డు పక్కన పెట్టాడు.

"ఏటి బాబూ నీటు? ఆడికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. మరి రోలరు దగ్గిర చెయ్యెట్టొద్దని ఆడెందుకు చెప్తన్నాడు? ఆడికేటీ అవలేదు కదా. ఆ వేళ్ళు తీసీండి."

కాంట్రాక్టరు నసిగాడు. "అది కాదు మాస్టారూ, చూసి భయపడతారని..."

"భయపడాలనే కదా ఇచ్చాను."

చివరికి కాంట్రాక్టరే, పాత చెయ్యి పెట్టండి అని ఓనరుతో చెప్పి వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూడా నేను ఓనరుని తిడుతూనే ఉన్నాను. నాన్న మధ్యలో అడ్డొచ్చాడు.

"ఆ వేళ్ళు తీయడానికి ఎంతసేపు పడతాది?"

"అప్పుడే అయితే ఒక్క బటన్."

"మరి అప్పుడే ఎందుకు తీలేదు?"

నా తిట్లన్నీ ఎందుకో అప్పుడు తెలిసింది. ఓనరు రాకముందు పావుగంట సేపు నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి విప్పాను. దానికి ఒక టీ గ్లాసు కూడా పట్టించాను. ఉన్నదున్నట్టు నాన్నకి చెప్పేశాను.

"బాగుందేటి?" అన్నాడు.

"బాగుంది నాన్నా."

"నాకూ బాగుందే. అందుకే తీసీమన్నాను."