ఏవ్రిల్ పిలిచిన డిన్నర్

డొరీన్ ఎంట్విసిల్‌ను చూస్తే ఉత్తర ఇంగ్లండ్‌లోని ఆక్రింగ్టన్ ఊళ్లో సగం మందికి ఆకలి గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లు బడిలో వాళ్లకు మధ్యాహ్నంపూట బంగాళాదుంప ముద్ద, మాంసం పులుసు వడ్డించిన చెయ్యి ఆమెది. ఆ ఉద్యోగం పేరే డిన్నర్ లేడీ. అక్కడ డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం. సాయంత్రం తినేదాన్ని టీ అంటారు, అందులో చేపా చిప్సూ ఉన్నా సరే. ఇంగ్లండ్‌లోనే దక్షిణాన ఉండేవాళ్లు రాత్రి భోజనాన్ని డిన్నర్ అంటారని డొరీన్‌కు తెలియక కాదు. తెలిసినా ఒప్పుకోదు, అంతే.

మార్చిలో ఒక ఆదివారం ఆమె భర్త క్లిఫ్ వంటింటి బల్ల మీద పటం పరిచాడు. రిటైరైనప్పటి నుంచి ఆయనది ఒకటే పాట: రైళ్లలోనూ పడవల్లోనూ బ్రిటన్, ఐర్లండ్ చుట్టి రావాలి. ముందు దక్షిణాన బాత్ నగరం, అక్కణ్ణుంచి వేల్స్ మీదుగా ఫిష్‌గార్డ్ రేవు, రాత్రి పడవలో ఐర్లండ్, తెల్లవారాక సముద్రం ఒడ్డునే సాగే రైల్లో డబ్లిన్, ఆపైన బెల్‌ఫాస్ట్, మళ్లీ పడవలో స్కాట్లండ్, కొండల మీదుగా ఇల్లు. ఆ ఒడ్డు దారిని పగటి వెలుతురులో చూడాలని ఆయనకు మహా ఆశ.

డొరీన్ మనసు మాత్రం మొదటి మజిలీ దాటి కదలడం లేదు. బాత్‌లో ఆమె చెల్లెలు ఏవ్రిల్ ఉంది. ఇద్దరికీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. అప్పట్లో ఏవ్రిల్ కొత్త మొగుణ్ణి తీసుకుని డిన్నర్‌కు వస్తానంది. డొరీన్ మధ్యాహ్నానికి మాంసం కాల్చి, పులుసు కాచి కూర్చుంది. వాళ్లు పొద్దుగూకాక వైన్ సీసా పట్టుకుని దిగారు. “అమ్మ ఏ వేళకు తిండి పెట్టిందో కూడా మర్చిపోయావా?” అంది అక్క. “నువ్వు ఈ వీధి చివర దాటి ఎప్పుడన్నా చూశావా?” అంది చెల్లెలు. చల్లారిపోయిన పులుసు ఎవరూ ముట్టలేదు. ఇంత చిన్నమాటకు ఎనిమిదేళ్లా అంటే, అవును, ఎనిమిదేళ్లే. మూర్ఖత్వంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

పోయిన వారం డొరీన్ బజారుకెళ్లినప్పుడు ఏవ్రిల్ ఫోన్‌లో సందేశం పెట్టింది. అక్కా బావా తమ ఊరి మీదుగా వెళ్తున్నారని ఎవరో చెప్పారట. గురువారం డిన్నర్‌కు రమ్మంది. డొరీన్ ఆ గొంతును మళ్లీ మళ్లీ విన్నది గానీ, తిరిగి ఫోన్ చేసే ధైర్యం చాల్లేదు.

“పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి బాత్‌లో ఉంటాం. తినేసి బండెక్కితే రాత్రి పడవ దొరుకుద్ది,” అన్నాడు క్లిఫ్. అంతలోనే పెన్సిల్ ఆపేశాడు. “ఇంతకీ మన డిన్నరా, వాళ్ల డిన్నరా?”

“అది పుట్టిందెక్కడ? ఈ వీధిలో! ఇంకే డిన్నరు?”

“పోయినసారీ ఇదే మాటన్నావు.”

డొరీన్ లేచి వెళ్లి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

“రాత్రికే అనుకో, క్లిఫ్.”

“రాత్రికా? పడవ పోద్ది. మర్నాడు మధ్యాహ్నం పడవెక్కితే నా సముద్రం చీకట్లో పోద్ది!”

“పోతే పోనీ. అది రాత్రంటే రాత్రే తింటా. అర్ధరాత్రి పెట్టినా తింటా. నాకు మా చెల్లెలు కావాలయ్యా.”

ఆ ఊళ్లో ఇలాంటి మాటలు పైకి అనరు. క్లిఫ్ గీసిన దారి చెరిపేసి, ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“ఏవ్రిల్, నేను.”

అవతలి నుంచి చెల్లెలి గొంతు: “మా డొరీనేనా?”

ఆక్రింగ్టన్‌లో సొంతవాళ్ల పేరుకు ముందు ‘మా’ తగిలిస్తారు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. డొరీన్ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

“గురువారం చీకటిపడ్డాకే వస్తాంలే, మీ వేళకే. మధ్యాహ్నం ఏదో కొరికేస్తాం.”

“చీకటిపడ్డాకేంటే? నేను పిలిచింది డిన్నర్‌కి! మధ్యాహ్నానికి. మా ఆయన చేత సెలవు కూడా పెట్టించాను.”

“నువ్వు డిన్నరంటే రాత్రి కదే?”

“ఇక్కడివాళ్లతో అంటే రాత్రే. నీతో అన్నప్పుడు రాత్రెలా అవుద్ది, పిచ్చిదానా?”

డొరీన్ కుర్చీలో కూలబడి నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిపి చేసింది. ఇవతల ఈమె తగ్గితే, అవతల ఆమె అప్పటికే తగ్గి కూర్చుంది.

“మధ్యాహ్నం మనది తిని, రాత్రికి మాది కూడా తినాలి,” అంది ఏవ్రిల్.

డొరీన్ ఆ మాట చెబితే క్లిఫ్ పటం వైపు చూసి లెక్కేసుకున్నాడు. మర్నాటి రాత్రి పడవెక్కితే సముద్రం వెలుతురులోనే వస్తుంది. ఆయన మొహం విచ్చుకుంది.

“అయితే పడుకోడానికి పక్క కూడా వేస్తుందేమో అడుగు.”

డొరీన్ అడిగింది.

“వేసే ఉంది,” అంది ఏవ్రిల్. “ఆ సందేశం పెట్టిన రోజే వేశాను.”