కాటుక లేని ఇంగ్లండ్ అంకుల్

నిన్న మా అమ్మాయి కాటుక పెట్టుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. ఎలా రాయాలో తెలీదు గానీ చెప్తాను.

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, మేం అమెరికాలో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. నాన్న కొత్త బాస్ డిన్నర్‌కి వచ్చారు. ఆయనది ఇంగ్లండ్. టీవీలో కనపడే ఇంగ్లండ్ పాటగాళ్ళు కళ్ళకి కాటుక పెట్టుకునేవాళ్ళు. అక్కడి మగాళ్ళందరూ అంతేననుకున్నాను. ఈయన కళ్ళు బోసిగా ఉన్నాయి.

"పిచ్చి ప్రశ్నలు వేశావో, చూడు! నాన్న ఉద్యోగం ఆయన చేతిలో ఉంది," అని అమ్మ ముందే చెప్పింది. అయినా ఆగలేకపోయాను.

"అంకుల్, మీరు కాటుక పెట్టుకోలేదేం?"

నాన్న ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆయన నాన్న వైపు తిరిగి, "మరి మీ గుర్రమేది? సినిమాల్లో టెక్సస్‌లో అందరికీ ఉంటుందిగా!" అన్నారు. నాన్న పగలబడి నవ్వాడు.

ఆయన నిజంగానే అలా అనుకున్నారో, నాకు తిట్లు తప్పించడానికి అన్నారో, ఇప్పటికీ తెలీదు.