ముప్పై నాలుగు స్లిప్పులు

మా వీధిలో ఆవిడకి అసలు పేరుతో పనిలేదు. ఇస్త్రీ అక్క అంటే చాలు, కాపలావాడి దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ తెలుసు. నా కుట్టు దుకాణానికి ఎదురుగా ఉన్న ఆరంతస్తుల మేడలో, నాలుగో అంతస్తు వాళ్ళింట్లో పని. వంట, అంట్లు, గదులు తుడవడం, ఇద్దరు పిల్లల్ని బడికి తయారుచెయ్యడం, అన్నీ ఆవిడే. అన్నిట్లోకీ ఇస్త్రీలో మాత్రం ఆవిడకి వంక పెట్టేవాళ్ళు లేరు. మెత్తటి బట్టకి పెట్టె నేరుగా తగలనివ్వదు. పైన తడిపి పిండిన నూలుగుడ్డ పరిచి, దాని మీదుగా నొక్కుతుంది. "పెట్టె తగిలినట్టు బట్టకి తెలియకూడదమ్మాయ్, ముడత మాత్రం పోవాలి" అనేది. ఆ పద్ధతి నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకోకపోతే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఇద్దరం పొట్ట చేతపట్టుకుని ఈ దేశం వచ్చినవాళ్ళమే, ఒకే భాష వాళ్ళం. నేను మా ఆయనతో వచ్చాను, ఆవిడ ఒక్కతీ వచ్చింది. ఊళ్ళో వాళ్ళాయనకి ఇస్త్రీ బండి ఉండేది. ఇరవయ్యేళ్ళు నిలబడి నిలబడి నడుం పడిపోయింది. బండి అమ్మేశారు. బజారు మూల మీద షట్టరున్న గది ఒకటి కొనుక్కుని, ఇస్త్రీ దుకాణం పెట్టాలని ఆవిడ పట్టుదల. "నిలబడే పని నాది, కూర్చుని చిల్లర ఇచ్చే పని ఆయనది" అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో. గదికి అడ్వాన్సు కూడా కట్టారు.

మొదట్లో జీతం కవర్లో పెట్టి ఇచ్చేవారు. ఒక్కో నెల ఇచ్చేవారు, ఒక్కో నెల "వచ్చే నెల కలిపి" అనేవారు. తర్వాత ప్రభుత్వం కొత్త రూలు పెట్టింది. ఇంటిపని వాళ్ళ జీతం కూడా బ్యాంకులోనే వెయ్యాలి, చేతికి ఇవ్వకూడదు. ఆ వార్త విని నేనే సంబరపడి అక్కకి టీ ఇప్పించాను. ఇక ఎవరూ ఎగ్గొట్టలేరు అనుకున్నాం. మా తెలివి అంతే మరి.

ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని ఆ ఇంటి మేడమ్ వెంట బ్యాంకుకి వెళ్ళింది అక్క. అక్క పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ అకౌంటు ఉన్న మొదటి ఆడమనిషి తనే. ఫోన్ నంబరు అడిగితే మేడమ్ తన నంబరు ఇచ్చింది. "నీ ఫోను ఎప్పుడు చూసినా చచ్చిపడి ఉంటుంది" అందట. పిన్ నంబరు మేడమే నొక్కింది. కార్డు మేడమ్ సంచిలోకి వెళ్ళింది, ఎందుకంటే అక్క గదికి గడియ లేదు. గది అంటే బట్టలుతికే యంత్రం పక్కన ఇస్త్రీ బల్ల, దాని కింద దూర్చే మడత మంచం. ఏడేళ్ళుగా గడియ లేదు. గడియ పెట్టిస్తే పోయేదానికి కార్డు దాచిపెట్టడం ఏమిటని అక్కా అడగలేదు, నేనూ అడగలేదు.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఇద్దరూ మా వీధి చివర ఏటీఎం దగ్గరికి వచ్చేవారు. నా కుట్టుమిషను దగ్గర కూర్చుంటే అంతా కనిపిస్తుంది. మేడమ్ నొక్కేది, డబ్బు వచ్చేది. అందులో సగం అక్క చేతిలో పెట్టేది. "మిగతాది నేను దాస్తాను. నీ దగ్గరుంటే మరిది అడిగాడని, ఆడపడుచు ఏడ్చిందని అంతా పంపించేస్తావు. వెళ్ళేటప్పుడు ఒక్కసారే పట్టుకెళ్ళు." అబద్ధం చెప్పకూడదు, అక్క చుట్టాలు అలాంటివాళ్ళే. అందుకే ఆ మాట అక్క మనసుకి నచ్చింది. పైగా మేడమ్ ఏటీఎం స్లిప్పు మీద, అంకెల కింద ఉన్న ఖాళీలో, 'సగం ఇచ్చాను, సగం నా దగ్గరుంది' అని రాసి సంతకం చేసి ఇచ్చేది. రాత ముత్యాల్లా ఉండేది. ఆ స్లిప్పుల్ని అక్క బిస్కెట్ల డబ్బాలో దాచింది. రాసిచ్చింది కదా, ఇంకేం భయం అని నేను కూడా అన్నాను.

ముప్పై నాలుగు నెలలు అలాగే జరిగింది. ఒకరోజు అక్కకి ఊరి నుంచి వాళ్ళాయన ఫోన్ చేశాడు. బజారు గది యజమాని గడువు పెట్టాడు, నెలాఖరుకి మొత్తం కట్టకపోతే గదీ పోతుంది, అడ్వాన్సూ పోతుంది. అక్క వెళ్ళి మేడమ్‌ని దాచిన డబ్బు అడిగింది. మేడమ్ అద్దంలో చూసుకుంటూ చెవికి కమ్మ పెట్టుకుంటోందట.

"ఏ డబ్బు? నీ జీతమంతా నీ అకౌంట్లో పడింది. నీ కార్డుతోనే తీశారు. ఇంకేం కావాలి నీకు?"

అక్క నాలుగంతస్తులూ మెట్లు దిగి నా దుకాణానికి వచ్చింది. లిఫ్టు ఉన్న సంగతి కూడా గుర్తు రాలేదు. చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మేడమ్ పిల్లల్ని దింపి వచ్చేలోపు అక్కని లేబర్ ఆఫీసుకి లాక్కెళ్ళాను.

అక్కడి గుమాస్తా మంచివాడే. డబ్బా మూత తీసి చూశాడు. స్లిప్పులన్నీ మందు పొట్లాల్లా మడతలు పడి, నలిగి ఉన్నాయి.

"రాత ఉందిగా, పని జరుగుతుంది. కానీ ఇలా తెస్తే ఎలాగమ్మా? ముడతలు లేకుండా సాపు చేసి, తారీఖుల వరసలో కాగితాలకి అంటించి తీసుకురండి. బుధవారం మీ మేడమ్‌ని కూడా పిలిపిస్తాను."

ముడతలు తియ్యమని చెప్పింది ఎవరికి? ఇస్త్రీ అక్కకి.

సెలవు రోజు మధ్యాహ్నం నా కత్తిరింపుల బల్ల మీద దుప్పటి పరిచాం. నేను తారీఖులు చదివాను, అక్క ఒక్కొక్కటీ వరసలో పేర్చింది. ఆ రోజు ఆవిడ మొహంలో ఎంత వెలుగో. "ఇది ఊళ్ళో మా చిన్నాడికి జ్వరమొచ్చిన నెల, ఇది మేడమ్ వాళ్ళు ఊరెళ్ళిన నెల" అని ఒక్కో దాన్నీ గుర్తుపట్టింది. పల్చటి కాగితం, పెట్టె నేరుగా తగిలితే కాలుతుందని నూలుగుడ్డ అడిగింది. గుడ్డ తడిపి, పిండి, అందించింది నేనే. ఈ చేత్తోనే. అక్క దాన్ని స్లిప్పుల మీద పరిచి ఆ చివర్నుంచి ఈ చివరికి తొందరపడకుండా నొక్కింది. పట్టుబట్టకి కూడా అంత మర్యాద చెయ్యలేదు ఆవిడ.

గుడ్డ ఎత్తాం. ముప్పై నాలుగూ నల్లగా ఉన్నాయి.

"నీ గుడ్డ రంగు దిగిందే!" అని నా మీద అరిచింది అక్క. గుడ్డ తిప్పి చూపించాను. అది తెల్లగానే ఉంది. ఆవిడ ఒక స్లిప్పు తీసి చీర కొంగుతో తుడిచింది. ఉమ్మి తడి చేసి తుడిచింది. ఇంకోటి తీసి తుడిచింది. చివరికి నేనే ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ కాగితం మీద సిరా ఉండదట, వేడితోనే అచ్చు వేస్తారట, మళ్ళీ వేడి తగిలితే మొత్తం నల్లబడిపోతుందట. గుమాస్తా బుధవారం చెప్పాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇస్త్రీ పెట్టెతో బతుకుతున్నవాళ్ళం, మా ఇద్దరికీ తెలియదు.

బుధవారం మేడమ్ తెల్లచొక్కా వేసుకుని వచ్చింది. కాలరు నిలబడి ఉంది, చేతి మడతలు కత్తితో కోసినట్టున్నాయి. పొద్దున ఆ చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. మనిషి అంత శుభ్రంగా కనబడేసరికి గుమాస్తా లేచి కుర్చీ చూపించాడు.

స్లిప్పుల్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూశాడు పాపం. అక్కడక్కడా పెన్ను గీతలు మెరిశాయి. తారీఖు లేదు, అంకె లేదు. ముందు తను చూశానంటే అది సాక్ష్యం కిందికి రాదన్నాడు. బ్యాంకు కాగితాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ప్రతి ఒకటో తారీఖునా పూర్తి జీతం పడింది, అదే రోజు ఆవిడ కార్డుతో పూర్తిగా తీశారు. అక్కని కాపాడడానికి పెట్టిన రూలు, మేడమ్ తరఫున సాక్ష్యం చెప్పింది.

"ఇంట్లో మనిషిలా చూసుకున్నాం. ఎవరో లేనిపోనివి ఎక్కించారు" అని మేడమ్ నా వంక చూసింది. నా నోటికి వచ్చిన మాట ఇక్కడ రాయను.

గుమాస్తా అక్కతో మెల్లగా అన్నాడు. "నీ పర్మిట్ వీళ్ళింటి మీదే ఉందమ్మా. పని మానేస్తే రద్దవుతుంది. టిక్కెట్టు కొనిచ్చి పంపించేస్తారు. ఆలోచించుకో."

"నాకేం కోపం లేదు. వచ్చి పని చేసుకోమనండి. వెళ్ళేటప్పుడు చూద్దాం" అంది మేడమ్.

ఆ 'చూద్దాం' అన్న మాటని అక్క రెండు చేతులా పట్టుకుంది. బయటికి వచ్చాక నేను తిట్టాను. సిగ్గులేదా అన్నాను, మా ఇంటికి రా అన్నాను. ఆవిడ కోప్పడలేదు.

"డబ్బు ఆ ఇంట్లోనే ఉంది కదమ్మాయ్. నేను బయటికి వచ్చేస్తే ఇక దాన్ని అడిగేదెవరు?"

ఆవిడ మేడమ్ కారెక్కి వెళ్ళిపోయింది, పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని.

నెలాఖరుకి గది ఎవరో ఫోన్లు బాగుచేసేవాడు కొనుక్కున్నాడు. వాళ్ళాయన ఆ ముక్క చెప్పి, నీ ఒంట్లో ఎలా ఉందని అడిగాడట. అది చెబుతూ అక్క నా దుకాణంలో కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది, పారెయ్యడానికి చేతులు రావడం లేదు.

ఒకటో తారీఖు వచ్చింది. ఇద్దరూ ఏటీఎం దగ్గరికి వచ్చారు. నేను మిషను ఆపి గుమ్మంలో నిలబడ్డాను. మేడమ్ నొక్కింది, డబ్బు వచ్చింది, సగం అక్క చేతిలో పెట్టింది. అక్క ఇంకా చెయ్యి చాపే ఉంచింది, స్లిప్పు కోసం.

"ఇది ఎందుకు నీకు? మళ్ళీ ఇస్త్రీ చేసుకుంటావా?" అని మేడమ్ నవ్వి, స్లిప్పు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసింది.

అక్క కూరగాయల సంచి ఎత్తుకుని ఆవిడ వెనకాలే నడిచింది. వాళ్ళు గేటు దాటాక నేను వెళ్ళి చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఆ స్లిప్పు తీశాను. చేత్తోనే సాపు చేసి చూశాను. తారీఖు ఉంది, పూర్తి జీతం అంకె ఉంది. కింద ఖాళీలో ఏమీ రాసి లేదు.