తెల్లచొక్కా వేసుకున్న రోజు

మీరు చూడకుండా ఎన్నిసార్లు సంతకం పెట్టారు? లెక్క చెప్పనక్కర్లేదు. ఈ మెకానిక్ మాత్రం ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్కసారే పెట్టాడు.

ఆయన పనిచేసేది పంతొమ్మిది సీట్ల విమానాలు రోజుకు మూడంటే మూడు వచ్చిపోయే చిన్న విమానాశ్రయంలో. రన్‌వే చివర రేకుల షెడ్డు, అందులో ఇద్దరు మెకానిక్‌లు. ఒకరు చేసిన పనిని రెండోవారు పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టాలన్నది అక్కడి నియమం. ఆ నియమానికి ఆయన తన పద్ధతి ఒకటి జోడించుకున్నాడు. విమానం చక్రాల కాళ్లు మడతపడే కీళ్లకు గ్రీజు పట్టిందో లేదో టార్చిలైటు వేసి చూసి సరిపెట్టుకునేవాడు కాదు. చూపుడువేలు కీలు సందులో దూర్చి, తిప్పి, బయటికి తీసి చూసుకుంటే తప్ప కలం ముట్టేవాడు కాదు. అందుకే షెడ్డులో ఆయనకు వేలుమాస్టారని పేరు పడింది. పొద్దుటి పని ముగిసేసరికి ఆ వేలు కొస నుంచి కణుపు దాకా నల్లగా ఉండేది. అన్నగారి భార్య భోజనానికి పిలిచినప్పుడల్లా ఆయన కంచం పక్కన ఒక చెంచా పెట్టి, అది మరిదికి కాదు, మరిది వేలికి అనేది.

ఆ వదినకు విమానమంటే చచ్చేంత భయం. దూరపు ఊళ్లో ఉన్న కూతురికి నెలలు నిండాయి. బస్సులో వెళ్తే రెండు రోజులు, విమానంలో గంటన్నర. ఎటూ తేల్చుకోలేక వారం రోజులు ఇంటిల్లిపాదినీ వేపుకుతిని, చివరికి మరిదినే నిలదీసింది.

"నువ్వు సంతకం పెడితేనే ఎక్కుతాను. ఇంకెవరు పెట్టినా నాకు బస్సే."

"నేనే పెడతాను వదినా," అని ఆయన మాటిచ్చాడు.

ఆ పొద్దున ఆమెను గేటు దాకా సాగనంపాలని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పనికి వచ్చాడు. షెడ్డులో అడుగుపెట్టేసరికి రెండో మెకానిక్ విమానం ఎడమకాలి కీలుకు గ్రీజు పట్టించి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ కీలు అందాలంటే చక్రం పక్కన నేల మీద వెల్లకిలా పడుకోవాలి. ఆయన నేల వంక చూశాడు, చొక్కా వంక చూసుకున్నాడు. పదేళ్లుగా కలిసి పనిచేస్తున్న మనిషి, ఏనాడూ పని ఎగ్గొట్టినవాడు కాదు. రిజిస్టరు తెరిచి సంతకం పెట్టేశాడు.

గేటు దగ్గర వదిన ఆయన చేయి పట్టుకుని తిప్పి చూసింది. "ఇవాళ నీ వేలు మనిషి వేలులా ఉందే," అని మెచ్చుకుంది. ఆయన నవ్వాడు. విమానం లేచాక గాని ఆ మాట గుచ్చుకోలేదు.

గుచ్చుకున్న పావుగంటకే టవర్ నుంచి కబురు వచ్చింది. చక్రాలను దింపే నూనె ఒత్తిడి పడిపోతోందని హెచ్చరిక దీపం వెలగడంతో పైలట్ విమానాన్ని వెనక్కి తిప్పింది. చక్రాలు దింపితే మూడు పచ్చదీపాలు వెలగాలి, రెండే వెలిగాయి. ఆయన టవర్ మెట్లెక్కి కిటికీ దగ్గరికి చేరేసరికి విమానం తక్కువ ఎత్తులో ఎదురుగా సాగిపోయింది. ముందుకాలు, కుడికాలు నిటారుగా ఉన్నాయి. ఎడమకాలు బెణికిన మోకాలిలా సగంలో వేలాడుతోంది. కీలు పొడిగా ఉండి పట్టేసిందనుకున్నాడు. లోపల పదిహేడు మంది, వారిలో వదిన. చేజేతులా తానే ఎక్కించి పంపాడు.

టవర్ అధికారి మైకు ఆయన చేతికిచ్చాడు. సహపైలట్ చక్రాలను దింపడానికి అత్యవసర చేతిపంపుతో నూనె కొడుతున్నాడనీ, నలభై దెబ్బలు అయ్యేసరికి పిడి బిగుసుకుందనీ, మూడో దీపం మాత్రం వెలగలేదనీ పైలట్ చెప్పింది.

"అసలు కదలడం లేదా, బరువుగా కదులుతోందా?"

"కదులుతోంది. చాలా బరువుగా."

ఏటా విమానాన్ని జాకీల మీదకెత్తి ఆ పంపును స్వయంగా కొట్టి చూసే మనిషికి దాని టక్కులు తెలుసు. "అయితే ఇంకా అవలేదమ్మా. నలభై దగ్గర అది అయిపోయినట్టు నటిస్తుంది, నమ్మకండి. పిడి రాయిలా ఆగిపోయేదాకా కొట్టించండి."

స్పీకరులో సహపైలట్ లెక్క వినిపించింది. యాభై దాటింది, అరవై దాటింది. అరవై మూడు దగ్గర లెక్క ఆగిపోయింది. 

"వెలిగింది," అంది పైలట్.

విమానం మూడు కాళ్ల మీదా బుద్ధిగా దిగింది. వెంటపడిన అగ్నిమాపక బండ్లు పని లేక వెనుదిరిగాయి. ఆయన తెల్లచొక్కా సంగతి మరిచి, టవర్ మెట్ల మీదే కూలబడ్డాడు. వదిన సంచీని పసిబిడ్డలా పొదువుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"పక్కసీటావిడ ఒకటే ఏడుపు. నేనే ఓదార్చాను. మా మరిది వేలు పెట్టి చూడందే సంతకం పెట్టడు, ఏమీ కాదు ఊరుకో అన్నాను."

ఆయన తల ఊపాడు. 

విచారణ నాలుగు రోజులు సాగింది. చక్రాలను దింపే అసలు పంపు లోపలి రబ్బరు రింగు చిరిగిందనీ, బయటి నుంచి అది ఎవరికీ కనబడదనీ తేలింది. ఎడమకాలి కీలు విప్పి చూస్తే గ్రీజు నిండుగా ఉంది. ఆయనకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. అంతలో వదిన కూతురు క్షేమంగా ఆడపిల్లను కన్నది. సోమవారం విమానంలోనే వెళ్తానని వదిన పట్టుబట్టింది. సంతకం నీదేగా, ఇక నాకేం భయం అంది.

చూడకుండా సంతకం పెట్టిన సంగతి అధికారికి చెప్పేస్తానంటే రెండో మెకానిక్ పకపకా నవ్వాడు. "దొరకని దొంగవి. తలుపు తట్టి మరీ లొంగిపోతావా?"

నష్టం జరగలేదు కనుక అబద్ధం కాదనే వాదన చాలామందికి జీవితాంతం సరిపోతుంది. ఆయనకు ఒక్క రాత్రి సరిపోయింది. సంతకమంటే చూశానని ఎదుటివారికి ఇచ్చే మాట. ఆ మాట పట్టుకునే వదిన మెట్లెక్కింది, పక్కసీటావిడ కన్నీళ్లు తుడుచుకుంది.

మర్నాడు విచారణాధికారి టైపు చేయించిన వాంగ్మూలాన్ని ముందుకు జరిపి, కింద సంతకం చేస్తే చాలన్నాడు. ఆయన మొదటి అక్షరం నుంచి చదివాడు. మూడో వాక్యంలో "కీలును పరీక్షించి సంతకం చేశాను" అని ఉంది.

"ఇది మార్చాలండీ. ఆ రోజు నేను చూడలేదు."

అధికారి కళ్లద్దాలు తీశాడు. అలా రాస్తే ఆరు నెలలు సంతకం చేసే అర్హత పోతుందని, నిదానంగా, రెండుసార్లు చెప్పాడు.

"తెలుసండీ. సోమవారం మా వదిన బస్సెక్కుతుంది. ఎందుకో నేనే చెప్పుకుంటాను."

ఆయన కలం తీసి "పరీక్షించి" అన్న మాట కొట్టేశాడు. దాని పైన "పరీక్షించకుండా" అని గుండ్రంగా రాసి, వాక్యం మరోసారి చదువుకుని, సంతకం పెట్టాడు.