నిమ్మలంగ రాండ్రి

గల్ఫ్‌లో, అల్ ఖువైర్‌లోని మా ఆఫీసుకు సెలవు పెట్టి, ఒక డైవింగ్ రిసార్టులో నాలుగు రోజులున్నాను. అక్కడ సముద్రం అడుగంతా బురద. అందులో దాక్కున్న చిట్టి ప్రాణులను చూడటానికే అందరూ దిగుతారు. మా సిలిండర్లలో గాలి నింపేది జగిత్యాల ఆయన. ఆయనకు ఈత రాదు. మేం దిగే ప్రతిసారీ "నిమ్మలంగ రాండ్రి సార్" అనేవాడు. నాకు విసుగొచ్చేది. తనకే నిమ్మళం లేదు మరి! ఎవరు నీళ్ళలో ఉన్నా, వాళ్ళు తేలేదాకా బుడగలనే చూస్తూ జెట్టీ మీద కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

చివరి రోజు వేలెడంత సీహార్స్ వెంటపడి పావుగంట ఆలస్యంగా తేలాను. ఆయన డ్యూటీ బట్టలతోనే మెడలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

"ఏం తొందర లేదు సార్, నిమ్మలంగ రాండ్రి" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఒడ్డెక్కాక కూడా వదల్లేదు.